సిర ద్వారా ద్రవ చికిత్స: కలరా నేర్పిన పాఠాల చరిత్ర

ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- సిర ద్వారా ద్రవాలు ఎక్కించే పద్ధతి ఎప్పుడు, ఏ అవసరం నుంచి పుట్టిందో వివరించగలుగుతారు.
- ఆ పద్ధతి డెబ్బై ఏళ్లకు పైగా ఎందుకు మరుగున పడిందో, మళ్లీ ఎలా నిలదొక్కుకుందో చెప్పగలుగుతారు.
- నోటి ద్వారా ద్రవ చికిత్స ఏ పరిస్థితుల్లో తన విలువను నిరూపించుకుందో తెలుసుకుంటారు.
- ఈ చరిత్ర నుంచి నర్సింగ్ సంరక్షణకు సంబంధించిన పాఠాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

గత యూనిట్‌లో శరీరంలోని నీరు, సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్‌ల సమతుల్యత గురించి చదివారు. ఆ సమతుల్యత తప్పినప్పుడు ఏ ద్రవం ఎంత ఇవ్వాలో ఇప్పుడు మన వార్డుల్లో పట్టికలున్నాయి. అయితే ఆ పట్టికలోని ప్రతి అంకె వెనుక ఎందరో రోగుల ప్రాణాలున్నాయని మీరు గుర్తుంచుకోవాలి. ద్రవ చికిత్స చరిత్ర చాలావరకు కలరా చరిత్రే. తీవ్రమైన కలరాలో రోగి గంటకు లీటరు దాకా ద్రవం కోల్పోవచ్చు. ఉదయం పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రానికి కళ్లు లోతుకు పోయి, నాడి అందక, మరణానికి చేరువ కావచ్చు. ఇంత వేగంగా ప్రాణం తీసే జబ్బు కాబట్టే అది వైద్యులకు ద్రవాల విలువను ముందుగా నేర్పింది.

2. మొదటి అడుగు: 1831-32

1831 చివరలో కలరా ఇంగ్లండులోని సండర్లాండ్ రేవు పట్టణానికి చేరింది. అప్పటి వైద్యులు రోగి సిర కోసి రక్తం తీసేవారు. పాదరస లవణమైన కాలొమెల్ ఇచ్చి విరేచనాలు మరింతగా అయ్యేట్టు చేసేవారు. అప్పటికే ఎండిపోయిన శరీరం నుంచి ఇంకా ద్రవాన్ని తీసివేయడమే చికిత్సగా చెలామణి అయిందన్నమాట.

విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే ఇరవై రెండేళ్ల ఐరిష్ వైద్యుడు సండర్లాండ్ వెళ్లి కలరా రోగుల రక్తాన్ని రసాయన పరీక్ష చేశాడు. రక్తంలో నీరు, లవణాలు, క్షారం బాగా తగ్గిపోయాయనీ, అవి మలంలో కనిపిస్తున్నాయనీ తేల్చాడు. పోయినదాన్ని తిరిగి రక్తంలోకి చేర్చాలన్నది ఆయన సూచన. తాను స్వయంగా రోగులకు ఆ చికిత్స చేయలేదు. తరువాత 1833లో కలకత్తా వచ్చి వైద్య కళాశాలలో బోధించాడు. మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించినవాడూ ఈయనే.

ఆ సూచనను ఆచరణలో పెట్టినవాడు ఎడిన్‌బరో దగ్గరి లీత్‌కు చెందిన డాక్టర్ థామస్ లట్టా. 1832 మే నెలలో, ఇక ఆశ లేదని తేల్చిన ఒక వృద్ధురాలి చేతి సిరలోకి ఆయన ఉప్పు, సోడా కలిపిన నీటిని కొద్దికొద్దిగా ఎక్కించాడు. మొదట ఏ మార్పూ కనిపించలేదు. కొంతసేపటికి ఆమె ఊపిరి తేలికైంది. లోతుకు పోయిన కళ్లు మామూలు స్థితికి వచ్చాయి. అందని నాడి మణికట్టు దగ్గర అందింది. చల్లబడిన చేతులు వెచ్చబడ్డాయి. అరగంటలో ఆరు పైంట్లు, అంటే సుమారు మూడు లీటర్లకు పైగా, లోపలికి వెళ్లాయి. తనకు ఏ బాధా లేదనీ, కొంచెం నిద్రపోతే చాలనీ ఆమె చెప్పింది.

ఆమె గట్టెక్కిందని భావించి, ఆసుపత్రి సర్జన్‌కు అప్పగించి లట్టా విశ్రాంతికి వెళ్లాడు. కొద్దిసేపటికే వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. లట్టాకు ఎవరూ కబురు పంపలేదు. ద్రవం మళ్లీ ఎక్కించలేదు. ఐదున్నర గంటల్లో ఆమె మరణించింది. ఇంకోసారి ఎక్కించి ఉంటే బతికేదని లట్టా నమ్మాడు. ఆ తరువాత చికిత్స చేసిన రోగులకు అవసరమైనన్నిసార్లు ద్రవం ఇచ్చాడు. కొందరు పూర్తిగా కోలుకున్నారు.

ఈ సంఘటనను మీరు జాగ్రత్తగా గమనించండి. ఇక్కడ చికిత్స సరైనదే. లోపించింది నిరంతర పరిశీలన. ద్రవం ఎక్కించాక కూడా నష్టం కొనసాగుతుంది కాబట్టి ఎవరో ఒకరు మంచం పక్కన ఉండి, ఎంత పోతోందో చూసి, సకాలంలో కబురు చేయాలి. ఈ పనినే నేడు మనం నర్సింగ్ బాధ్యతగా చెప్పుకుంటున్నాం.

3. పద్ధతి ఎందుకు మరుగున పడింది?

లట్టా 1833లో మరణించాడు. కలరా కూడా తగ్గుముఖం పట్టింది. వైద్యులు ఆయన పద్ధతిని దాదాపు మరచిపోయారు. ఇందుకు నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, ఈ చికిత్సను చావుకు సిద్ధంగా ఉన్నవారికే చేసేవారు. అందువల్ల బతికినవారు తక్కువ. రెండవది, లట్టా వాడిన ద్రావణంలోని ఉప్పు రక్తంలో ఉండేదానికన్నా బాగా తక్కువ. అటువంటి పలుచని ద్రావణం ఎక్కువగా చేరితే ఎర్ర రక్తకణాలు నీటిని పీల్చుకుని పగిలే ప్రమాదముంది. మూడవది, సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తెలియదు. నీటినీ, గొట్టాలనీ శుద్ధి చేయకపోవడం వల్ల రక్తానికి ఇన్ఫెక్షన్ సోకేది. నాలుగవది, ఒకసారి ఎక్కించి ఆపేసేవారు.

కాలక్రమంలో ఒక్కొక్క లోపానికీ సమాధానం దొరికింది. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెపై ప్రయోగాలు చేశాడు. స్వేదనజలంలో ఉప్పు కలిపి వాడితే గుండె కొట్టుకోవడం ఆగిపోయేది. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో మాత్రం కొట్టుకుంటూనే ఉండేది. కుళాయి నీటిలోని కాల్షియం అందుకు కారణమని ఆయన కనుగొన్నాడు. సోడియం ఒక్కటే చాలదనీ, కాల్షియం, పొటాషియం తగిన పాళ్లలో ఉండాలనీ దీనితో తేలింది. 1932లో అమెరికాకు చెందిన పిల్లల వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్, రక్తంలో ఆమ్లత పెరిగిన పిల్లల కోసం రింగర్ ద్రావణానికి లాక్టేట్ చేర్చాడు. మీరు వార్డులో రోజూ చూసే ఆర్.ఎల్. సీసా ఈ ఇద్దరి కృషి ఫలితమే.

4. కలకత్తాలో పునరుద్ధరణ

ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకంలో కలకత్తా వైద్య కళాశాలలో లెనార్డ్ రోజర్స్ కలరా రోగులకు సిర ద్వారా ద్రవాలివ్వడాన్ని మళ్లీ చేపట్టాడు. ఆయన వాడినది మామూలు సెలైన్‌కన్నా గాఢమైన ఉప్పు ద్రావణం. రోగి రక్తపు సాంద్రతను కొలిచి, ద్రవం ఎంత అవసరమో నిర్ణయించేవాడు. తరువాత ఆమ్లతను సరిచేయడానికి క్షారాన్ని కూడా చేర్చాడు. ఆయన వార్డులో కలరా మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొలిచి ఇవ్వడం అనే సూత్రం ఇక్కడ స్థిరపడిందని చెప్పవచ్చు.

5. సీసా, సూది, చేయి

శుద్ధి చేసిన ద్రావణం ఇచ్చినా కొందరికి చలిజ్వరం వచ్చేది. 1923లో ఫ్లోరెన్స్ సీబర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనికి కారణం కనుగొంది. స్వేదనజలంలో చేరిన బాక్టీరియా మరిగిస్తే చనిపోతాయి గాని, అవి విడిచిన జ్వరకారక పదార్థాలు నశించవు. ఇవే పైరోజన్లు. స్వేదన పద్ధతిని మెరుగుపరచి వాటిని తొలగించే మార్గం కూడా ఆమె చూపింది. ఆ తరువాతే కర్మాగారాల్లో తయారైన సీసాలు ఆసుపత్రులకు నమ్మకంగా చేరసాగాయి.

1950లో డేవిడ్ మాసా ప్లాస్టిక్ సూదిని రూపొందించాడు. అంతకు ముందు లోహపు సూది సిరలో ఉన్నంతసేపూ రోగి చేయి కదల్చకుండా కట్టి ఉంచవలసి వచ్చేది. నేటి కాన్యులాలకు ఆ ప్లాస్టిక్ సూదే మూలం.

మొదట్లో సిరలోకి సూది పెట్టడం వైద్యుల పనిగానే ఉండేది. నర్సు పరికరాలు సిద్ధం చేసి ఇచ్చేది. 1940లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఎడా ప్లమర్ అనే నర్సుకు ఈ పనిని ప్రత్యేకంగా అప్పగించారు. క్రమంగా ఇది నర్సింగ్ నైపుణ్యాల్లో ఒకటైంది.

6. నోటి ద్వారా ద్రవ చికిత్స: బొంగావ్, 1971

కలరా క్రిమి పేగును పాడుచేయడం వల్లే నీరు కారిపోతుందని చాలాకాలం భావించారు. 1959లో కలకత్తాకు చెందిన శంభునాథ్ డే, క్రిమి విడిచే విషమే ఇందుకు కారణమని నిరూపించాడు. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. సోడియం వెంట నీరు కూడా వెళుతుంది. కలరాలోనూ ఈ దారి మూసుకుపోదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్, వారి సహచరులు ఉప్పు-గ్లూకోజు ద్రావణం తాగించి, సిర ద్వారా ఇవ్వవలసిన ద్రవాన్ని 80 శాతం దాకా తగ్గించగలిగారు.

ఇది మంచి ఆసుపత్రిలో జరిగిన పని. అసలు పరీక్ష 1971లో ఎదురైంది. బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. శిబిరాల్లో కలరా వ్యాపించింది. సరిహద్దు పట్టణమైన బొంగావ్‌లోని చిన్న కలరా వార్డులో మంచాలు చాలక రోగులు నేలమీదే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి. వాటిని పెట్టగల సిబ్బంది కూడా తక్కువ.

డాక్టర్ దిలీప్ మహలనబిస్ అప్పుడు సాహసమైన నిర్ణయం తీసుకున్నాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తాలో పొట్లాలు కట్టించాడు. డ్రమ్ముల్లో కలిపి ఉంచి, కప్పులతో తాగించమని రోగుల బంధువులకు అప్పగించాడు. ఉన్న కొద్ది సెలైన్‌ను తీవ్ర స్థితిలో ఉన్నవారికి కేటాయించాడు. శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఈ చికిత్స పొందిన వారిలో 3.6 శాతానికి తగ్గాయి. అక్కడ అనేక ప్రాణాలను కాపాడినవారు తెల్లవార్లూ కప్పు పట్టుకుని కూర్చున్న తల్లులు, అక్కచెల్లెళ్లు.

తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ పద్ధతిని స్వీకరించాయి. 2002 నుంచి లీటరుకు 75 మిల్లీమోల్‌ల సోడియం, 75 మిల్లీమోల్‌ల గ్లూకోజు గల తక్కువ గాఢత ఓ.ఆర్.ఎస్. వాడుకలో ఉంది. మహలనబిస్ 2022లో మరణించాడు. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

7. నర్సుకు ఈ చరిత్ర చెప్పేదేమిటి?

మన గ్రామాల్లో నీరసం అనగానే "ఒక సెలైన్ పెట్టండి" అని అడగడం మీరు వినే ఉంటారు. సీసా ఎక్కితేనే వైద్యం జరిగినట్టు చాలామంది భావిస్తారు. లెక్క వేసి చూడండి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాని నుంచి వచ్చే శక్తి నూరు కిలోకాలరీలకు మించదు. అర లీటరు నార్మల్ సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవారికి రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆ సీసా ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి దారితీయవచ్చు. తాగగలిగిన రోగికి కప్పుతో ఇవ్వడం తక్కువ వైద్యం కాదని ఓపికగా వివరించవలసింది మీరే.

అలాగే సిర ద్వారా ఇవ్వవలసిన చోట ఆలస్యం చేయరాదు. నిర్జలీకరణం తీవ్రంగా ఉండి నాడి అందని వయోజనుడికి కిలో బరువుకు 100 మి.లీ. చొప్పున రింగర్ లాక్టేట్‌ను 3 గంటల్లో ఇవ్వాలన్నది ప్రస్తుత విధానం. ఇందులో 30 మి.లీ. మొదటి అరగంటలోనే వెళ్లాలి. అంటే 50 కిలోల మనిషికి మొత్తం 5 లీటర్లు. ఆ వేగంలో నాడి, శ్వాస, రక్తపోటు, మూత్రం, సూది గుచ్చిన చోటు పదేపదే చూడాలి. విరేచనం ఎంత అయిందో కొలిచి ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టులో రాయాలి. మార్పు కనిపిస్తే వెంటనే వైద్యుడికి తెలపాలి. 1832లో ఆ వృద్ధురాలి మంచం పక్కన లేనిది ఇదే.

8. సారాంశం

పోయిన నీటిని, లవణాలను తిరిగి చేర్చాలన్న ఆలోచన 1831-32లో పుట్టింది. పలుచని ద్రావణం, అపరిశుభ్రత, ఆలస్యం, పరిశీలనా లోపం వల్ల అది నిలబడలేదు. రింగర్, రోజర్స్, సీబర్ట్, హార్ట్‌మన్‌ల కృషితో సురక్షితమైంది. 1971లో బొంగావ్ అనుభవం నోటి ద్వారా ద్రవ చికిత్స శక్తిని లోకానికి చూపింది. ద్రవం కూడా ఔషధమే. దాని రకం, మోతాదు, వేగం, ఫలితం అన్నీ గమనించవలసినవే.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. లట్టా మొదటి రోగి మరణానికి కారణం ఏమిటి? నేటి వార్డులో అటువంటి పరిస్థితిని మీరు ఎలా నివారిస్తారు?
2. పైరోజన్లు అంటే ఏమిటి? ద్రావణాన్ని మరిగించడం మాత్రమే ఎందుకు చాలదు?
3. ఓ.ఆర్.ఎస్.లో ఉప్పుతోపాటు గ్లూకోజు ఎందుకు ఉండాలి?
4. తాగగలిగిన రోగి బంధువులు సెలైన్ పెట్టమని పట్టుబడితే వారికి మీరు ఏమని వివరిస్తారు? పది వాక్యాల్లో రాయండి.