పన్నెండు వారాల పందెం

2020 డిసెంబర్ 29. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఆసుపత్రి. ట్రయల్స్‌కు వెలుపల ప్రపంచంలో తొలి ఫైజర్ కోవిడ్ టీకా వేయించుకున్న తొంభై ఏళ్ల మార్గరెట్ కీనన్, సరిగ్గా మూడు వారాలకు రెండో డోసు కూడా వేయించుకున్నారు.

మర్నాడే పద్ధతి మారిపోయింది. ఇకపై రెండో డోసు పన్నెండు వారాల దాకా ఆగవచ్చని బ్రిటన్ ప్రకటించింది.

ఆల్ఫా రకం వైరస్ లండన్‌ను చుట్టేస్తోంది. టీకాలేమో అరకొర. ఉప ప్రధాన వైద్యాధికారి జొనాథన్ వాన్‌టామ్ ఇంటి లెక్కలోనే చెప్పారు: ఇద్దరు ముసలివాళ్లున్న ఇంట్లో రెండు డోసులూ ఒకరికే వేసే కన్నా చెరొకటి వేయడం మేలని. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ మండిపడింది. తేదీలు ఖరారైన వృద్ధులకు ఫోన్ చేసి, ఇప్పుడు రావద్దని ఏ ముఖంతో చెప్పాలి? మూడు వారాల తర్వాత ఒక్క డోసు కాపాడుతుందనడానికి తమ దగ్గర ఆధారాల్లేవని ఫైజరే చెప్పేసింది.

పందెం ఫలితం తేలింది ట్రయల్స్ లెక్కల్లో, రక్త పరీక్షల్లో. మొదటి డోసు పడ్డాక లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు వారాల తరబడి పదునెక్కుతాయి. వైరస్‌ను గట్టిగా పట్టుకోగలిగినవే చివరికి మిగులుతాయి. అప్పుడు పడిన రెండో డోసు వాటినే ఉరికిస్తుంది. బ్రిటన్ వేసిన మరో టీకా ఆక్స్‌ఫర్డ్‌ది. దాని రక్షణ, ఆరు వారాల్లోపు రెండో డోసు వేస్తే 55 శాతం; పన్నెండు వారాలు దాటాక వేస్తే 81 శాతం. ఎనభై దాటినవారిలో పన్నెండు వారాల ఎడంతో ఫైజర్ వేస్తే యాంటీబాడీలు మూడున్నర రెట్లు పెరిగాయని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2021 మేలో తేల్చారు. రోగనిరోధక శక్తిలో మరో భాగమైన టి కణాల స్పందన మాత్రం తగ్గింది.

అంతలో డెల్టా రకం వైరస్ వచ్చిపడింది. మే 14న బ్రిటన్ యాభై దాటినవారికి డోసుల మధ్య గడువును ఎనిమిది వారాలకు కుదించింది. వారం తర్వాత వచ్చిన అంకెలు ఆ తొందర ఎందుకో చూపించాయి: డెల్టా జబ్బు నుంచి ఒక్క డోసు రక్షణ 33 శాతమే, రెండు ఫైజర్ డోసులైతే 88.

బ్రిటన్ గడువు కుదించడానికి ముందురోజే, మే 13న, మన దేశం కోవిషీల్డ్ గడువును 12–16 వారాలకు పెంచింది. అదీ ఆక్స్‌ఫర్డ్ టీకాయే. ఇక్కడా ఊళ్లను డెల్టాయే ఊడ్చేస్తోంది. రెండో డోసు కోసం క్యూలో నిలబడ్డ మన పెద్దలు వెనుదిరిగారు.

ఎక్కువ గడువు యాంటీబాడీలను పెంచుతుంది. కానీ ఆ గడువంతా మనిషి సగం రక్షణతోనే నెట్టుకురావాలి. ఈ రెండింటినీ వైరస్ వేగంతో కలిపి తూచి, కొత్త ఆధారం దొరికిన వెంటనే నిర్ణయం మార్చుకోవాలి. మార్చిన కారణాన్ని టీకాకు చెయ్యి చాపినవాళ్లకు విడమరిచి చెప్పాలి. అది ప్రభుత్వాల బాధ్యత, ప్రజల హక్కు.