సీమపంది కడుపులో పుండు

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో పరిశ్రమల ఎస్టేటు ఉంది, కాలనీలు పెరిగాయి, ఊరు ఎక్కడ ఆగి నగరం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఇలాంటి ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళు కోటల దగ్గర, కాలువల దగ్గర ఆగుతారు. పంది జోలికి పోరు. పంది గురించి రాయాలంటే దాన్ని పెంచిన ఎరుకల వాళ్ళ గురించి రాయాలి, వాళ్ళ గురించి రాసిన కాగితాల్లో ఎక్కువ భాగం పోలీసులవి.

ఎరుకల వాళ్ళు మొదటినుంచీ పందుల మీదే బతికినవాళ్ళు కారు. ఉప్పు ఎరుకల కోస్తా నుంచి ఉప్పు తెచ్చి మెట్ట ఊళ్ళలో అమ్మి, బదులు ధాన్యం తీసుకునేవారు. దబ్బ ఎరుకల వెదురు బుట్టలు, చేటలు అల్లేవారు. కరివేపాకు అమ్మిన వాళ్ళ శాఖకు ఆ పేరే నిలిచింది. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవారు. 1871లో మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు దారి పూర్తయింది. గాడిదల మీద, ఎద్దుల మీద నడిచిన సరుకు రైలెక్కాక ఆ బేరాలు ఒక్కొక్కటే కూలాయి. 1876లో ధాత కరువు వచ్చి కర్నూలు జిల్లాను ఊడ్చేసింది. ఇన్ని పోయినా చేతిలో మిగలగలిగింది పంది: దానికి పొలం అక్కర్లేదు, కొట్టం అక్కర్లేదు, మేత కొనక్కర్లేదు.

మేత కొనక్కర్లేదంటే పంది తక్కువ తిన్నదని కాదు. వంకల్లో, చెరువు గట్టున తుంగ గడ్డలు తవ్వుకునేది. జొన్న కోసిన చేలో రాలిన కంకులు, వేరుశనగ పెరికేశాక మట్టిలో మిగిలిన కాయలు, ఇళ్ళ కుడితి, చిట్టు, కుళ్ళిన కూరగాయలు, మనుషుల పెంట. పొద్దున విడిస్తే సాయంత్రం దాకా మూతి నేల మీదే. తిన్నదాంట్లో సగం పీచు, కొంత మన్ను. ఆ పంది నెమ్మదిగా పెరిగేది, కడుపులో నులిపురుగులు నిండా ఉండేవి. దాన్ని ఆరోగ్యానికి నమూనాగా చూపడం పొరపాటు. అయితే దాని కడుపు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, ఎప్పుడూ మెత్తటి పిండితో నిండదు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువను 1882లో ప్రభుత్వం కొనేసింది. జొన్నలు, కొర్రలు తినే నేలలో ఆ కాలువ కింద వరి పెరిగింది. తర్వాత రైసు మిల్లులొచ్చాయి. పాత హల్లర్ మిల్లు వడ్లను ఒకే దెబ్బకు దంచి ఊక, నూక, తవుడు కలగలిపి బయటికి తోసేది. ఆ గరుకు తవుడే పశువులకూ పందులకూ పోయేది. తర్వాతి మిల్లులు ఊకను ముందే వేరుచేసి సన్నటి తవుడు ఇచ్చాయి. మిల్లు యజమానికి అది మెరుగు.

ఈలోగా ఎరుకల వాళ్ళ మీద ఇంకో దెబ్బ పడింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మార్పులతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. స్టువర్టుపురం, కావలి, అప్పటి కర్నూలు జిల్లాలో ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురం ఆ కాలపు సెటిల్‌మెంట్లు. అనుమతి లేనిదే ఊరు దాటకూడదన్న మనిషి మందను ఎంత దూరం తోలగలడు? చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం అంత త్వరగా పోలేదు.

స్వాతంత్ర్యం తర్వాత సర్కారు కళ్ళు పంది మాంసం మీద పడ్డాయి. గన్నవరంలో పందుల క్షేత్రం, బేకన్ ఫ్యాక్టరీ వచ్చాయి. ఇంగ్లండు నుంచి దిగిన తెల్లటి లార్జ్ వైట్ యార్క్‌షైర్‌ను జనం సీమపంది అన్నారు. 1970-71లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధనలో తిరుపతి ఒక కేంద్రమై, సీమపందికి నాటు పందిని కలిపి టి-17 అనే సంకరజాతిని తెచ్చింది: మూడు పాళ్ళు సీమ రక్తం, ఒక పాలు నాటుది. దానికి గచ్చు నేల కావాలి, వేళకు మేత కావాలి. ఆ మేతలో మొక్కజొన్న, తవుడు, వేరుశనగ చెక్క, చేపపొడి, ఉప్పు, ఖనిజ లవణాలు ఉంటాయి. అన్నీ మరలో పడి పిండవుతాయి.

అప్పటికే అమెరికాలో ఒక వింత చావు పశువైద్యులను వేధిస్తోంది. నిన్నటిదాకా బాగా తిన్న పంది పాలిపోయి, నల్లటి పెంట వేసి, తెల్లవారేసరికి చచ్చిపడి ఉండేది. కోసి చూస్తే అన్నవాహిక కడుపులో కలిసేచోట గుండ్రటి పుండు, కడుపు నిండా గడ్డకట్టిన రక్తం. మేతలో విషం ఉందా, విటమిను తక్కువైందా అని వెతికారు. 1966లో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు మేతలోని పోషకాలతో పాటు మేత భౌతిక రూపాన్నీ పరీక్షించారు. క్రమంగా తేలిన సంగతి, మేతలో ఏముందన్నది ఒక్కటే కాదు, దాన్ని ఎంత సన్నగా విసిరారన్నదీ పుండును తెస్తుందని.

కారణం కడుపు కట్టుబడిలోనే ఉంది. అన్నవాహిక చేరేచోట చిన్న తెల్లటి పొరకు జిగురు రక్షణ లేదు. బరక మేత కడుపులో సంగటి ముద్దలా నిలుస్తుంది, ఆమ్లం కింది భాగంలోనే ఉండిపోతుంది. పిండి మేత జావ అవుతుంది. అప్పుడు ఆమ్లమూ పెప్సినూ పైదాకా ఎగసి ఆ పొరను కాలుస్తాయి. మేతను గుళికలుగా నొక్కితే గండం ఇంకా పెరుగుతుంది. ఒక పూట మేత తప్పినా, లారీలో దూరం ప్రయాణించినా, ఎండ తట్టుకోలేక తినడం మానినా అంతే. గింజను అర మిల్లీమీటరు కన్నా సన్నగా విసిరితే పుండ్లు పెరుగుతాయి. చిక్కేమిటంటే, అదే సన్నటి విసురుడు అరుగుదలను పెంచి మేత ఖర్చును తగ్గిస్తుంది. కంపెనీ లెక్క, కడుపు లెక్క ఒకటి కావు.

మనుషుల కడుపు మీద కూడా దక్షిణ భారతంలో ఇలాంటి ప్రశ్నే వేశారు. పోషకాహార పరిశోధకుడు మెకారిసన్ కూనూరులోని పరిశోధన సంస్థలో ఎలుకలకు రకరకాల ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. మద్రాసు, తిరువాన్కూరు పేదల తిండి తిన్నవాటిలో పుండ్లు కనిపించాయి. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. మైసూరులో శస్త్రవైద్యుడిగా పనిచేసిన ఫ్రాంక్ టోవీ 1979లో రాసిన వ్యాసంలో బియ్యం తినే ప్రాంతాల్లో పేగు పుండ్లు ఎక్కువన్నాడు. 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ పుండ్లు తెచ్చే బాక్టీరియాను పట్టుకున్నాక తిండి మాట వెనకబడింది. పంది కడుపులోనూ ఆ కుటుంబపు సూక్ష్మజీవి ఉంటుంది. అయినా పంది విషయంలో మేత మాటను ఎవరూ పక్కన పెట్టలేదు.

1999లో అనంతపురంతో సహా రాష్ట్రంలో మెదడువాపు విజృంభించింది. దోమ ఆ వైరస్‌ను పంది నుంచి మోసుకెళుతుందని తెలిశాక ఊళ్ళోంచి పందుల్ని తరిమేయాలన్న ఒత్తిడి పెరిగింది. వీధి పంది దొడ్డిలోకి చేరింది. పట్టణాల చుట్టుపక్కల దొడ్లకు హోటళ్ళ ఎంగిలి డ్రమ్ముల్లో వస్తుంది: అన్నం, సాంబారు, నూనె, ఉప్పు. అది బరకా కాదు, పిండీ కాదు, ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. డ్రమ్ము రాని రోజు కడుపు ఖాళీ. వైద్యులు చెప్పే విరుగుడులో ఖరీదైనదేమీ లేదు: మరలో పెద్ద కన్నుల జల్లెడ వేయించడం, వేళ తప్పకుండా పెట్టడం, రోజూ కాస్త గడ్డి, ఆకు, జొన్న చొప్ప ముందు పడేయడం. జొన్న చొప్ప దొరికినా, బర్రెలున్న ఇల్లు దాన్ని పందికి ఇవ్వడానికి ఒప్పుకోదు.