పడమర గాలి లేచిన రోజు: నెల్లూరు తీరంలో ఎండ ఒక్కటే కాదు, నిప్పు కూడా

నెల్లూరు జిల్లాలో మే నెల వచ్చిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ అడిగే మాట ఒకటుంది: "గాలి మళ్ళిందా?" సముద్రం వైపు నుంచి గాలి మొదలైందా అని దాని అర్థం. మళ్ళితే ప్రాణం లేచొస్తుంది. మళ్ళకపోతే ఆ రోజంతా పడమర గాలే. తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడినట్టు ఉంటుంది.

మా నానీ అలాంటి రోజుల్లో జుహర్ అజాన్ కంటే ముందే వంట ముగించేది. పొయ్యిలో కట్టెలు బయటికి లాగి, నీళ్ళు చల్లి, బూడిద తడిసిందో లేదో చేత్తో చూసేది. మాకు అదంతా చాదస్తంగా అనిపించేది. ఈ గాలి గురించి చదివాక తెలిసింది, ఆమె లెక్క తప్పు కాదని. వడదెబ్బ గురించి ఇప్పుడు అందరూ చెబుతున్నారు. 2015 వడగాలుల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఆ జాగ్రత్తలు అవసరమే. కానీ ఇదే గాలి చిన్న నిప్పును పెద్ద మంటగా ఎలా మారుస్తుందో చెప్పేవాళ్ళు తక్కువ.

ఈ గాలి ఎక్కడిది?

మే, జూన్ నెలల్లో పడమర దిక్కు నుంచి వచ్చే గాలి ముందు పశ్చిమ కనుమలు దాటుతుంది. తేమలో ఎక్కువ భాగం అక్కడే వానగా పోతుంది. తర్వాత కర్ణాటక, రాయలసీమల ఎండిన నేల మీదుగా వేడెక్కుతూ వస్తుంది. చివర్లో శేషాచలం, వెలిగొండలు దాటి నెల్లూరు మైదానంలోకి దిగుతుంది.

దిగేటప్పుడు ఇంకొంచెం వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు అడుగు భాగం వేడెక్కడం చూసే ఉంటారు. నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది, ఇదీ అంతే. పొడి గాలి 100 మీటర్లు కిందికి దిగితే సుమారు 1 డిగ్రీ వేడి పెరుగుతుంది. పెంచలకోన దగ్గర కొండలు సుమారు 1,000 మీటర్ల ఎత్తు ఉంటాయి. మన కొండలు మరీ పెద్దవి కావు కాబట్టి అసలు వేడి రాయలసీమ నేలది, కొండ దానికి తోడవుతుంది.

మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి సముద్రం గాలి లోపలికి వచ్చి తీరాన్ని చల్లబరుస్తుంది. పడమర గాలి బలంగా ఉన్న రోజు దాన్ని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. అప్పుడు సముద్రం గాలి అసర్ వేళకు గానీ రాదు, కొన్ని రోజులు అసలే రాదు. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట లాంటి ఒడ్డు ఊళ్ళు కూడా మెట్ట ఊళ్ళలా కాలేది అందుకే. వాతావరణ శాఖ లెక్కలో మైదానంలో 40 డిగ్రీలు దాటితే వడగాలి గురించి ఆలోచిస్తారు. తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే చాలు.

కృత్తిక కార్తె మే 11 ప్రాంతంలో మొదలవుతుంది, రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనే సామెత ఈ రోజులదే. జూన్‌లో రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు మొదలైనా నెల్లూరుకు ఊరట తక్కువ. మన ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. అందుకే జూన్ నెలంతా కూడా జాగ్రత్తగానే ఉండాలి.

గాలి నిప్పును ఏం చేస్తుంది?

మూడు పనులు చేస్తుంది. ఒకటి, గడ్డిలో, ఆకులో, తాటాకులో ఉన్న చివరి తేమను కూడా లాగేస్తుంది. రెండు, మంటను ముందుకు వంచి పక్కన ఉన్నదాన్ని అంటుకోకముందే వేడి చేస్తుంది. మూడు, నిప్పురవ్వలను ఎత్తుకెళ్ళి దూరంగా పడేస్తుంది. మూడోదే ఎక్కువ ప్రమాదం. మీరు ఇక్కడ ఒక మంట ఆర్పుతూ ఉంటే, నాలుగు ఇళ్ళ అవతల ఇంకొకటి మొదలవుతుంది.

అడవి మంటల మీద పనిచేసేవాళ్ళకు ఒక గుర్తు ఉంది: మూడు ముప్పైలు. వేడి 30 డిగ్రీలు దాటాలి, గాలిలో తేమ 30 శాతం కంటే తగ్గాలి, గాలి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటాలి. మూడూ కలిస్తే మంట చేతికి దొరకదు. మన మే నెలలో మొదటి ముప్పై పొద్దున్నే దాటిపోతుంది. మిగతా రెండూ పడమర గాలి తెచ్చిపెడుతుంది. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు వేడి ఒక్కటే కాకుండా తేమ, గాలి వేగం కూడా చూడండి.

మన దగ్గర ఎక్కడ అంటుకుంటుంది?

పడమర వైపు ఉదయగిరి, రాపూరు కొండల్లో జనవరి, మార్చి మధ్య ఆకు రాలుతుంది. గడ్డి ఎండుతుంది. ఇక్కడి అడవి మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. అది దానంతట అది పుట్టడం చాలా అరుదు. ఆర్పకుండా పారేసిన బీడీ, కొత్త గడ్డి కోసం పెట్టిన నిప్పు, తేనె కోసం పెట్టిన పొగ, వంట చేసి వదిలేసిన పొయ్యి, ఇవే కారణాలు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవి రోజుల తరబడి కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్ళినవాళ్ళను ఎండుగడ్డి మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

కొండల్లో లేచిన మంట పొలాలు, చెరువులు, ఊళ్ళు దాటి సముద్రం దాకా రాదు. తీరంలో ప్రమాదం తీరంలోనే పుడుతుంది. ఇసుక నేలల్లో సరుగుడు తోటలు ఉన్నాయి, వాటి కింద సన్నటి ఎండాకు పరుపులా పేరుకుంటుంది. జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది, త్వరగా అంటుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో వరి కోతలు అయ్యాక చేలో మిగిలిన గడ్డిని ఎడగారు పంట కోసం తగలబెడతారు. ఇళ్ళ పక్కన గడ్డివాములు ఉంటాయి. తాటాకు పాకలు ఇంకా ఉన్నాయి.

మత్స్యకారుల ఊళ్ళకు ఇంకో సమస్య. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అంటే సరిగ్గా ఈ గాలి వీచే రోజుల్లోనే పడవలు, నైలాన్ వలలు, డీజిల్ డబ్బాలు అన్నీ ఒడ్డున ఒకచోట ఉంటాయి. వల అంటుకుంటే కరిగి కారుతూ మండుతుంది.

లహైనా నేర్పిన పాఠం

కొండ మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి ఏం చేయగలదో 2023 ఆగస్టు 8న అమెరికాలోని హవాయి దీవుల్లో కనిపించింది. మౌయీ దీవిలో లహైనా అనేది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. వెనక కొండ, మధ్యలో సాగు వదిలేసిన చెరుకు భూముల్లో ఎండుగడ్డి, ముందు సముద్రం. పొద్దున తెగిన కరెంటు తీగల వల్ల గడ్డి అంటుకుంది. అగ్నిమాపక సిబ్బంది ఆర్పి, కొన్ని గంటలు కాపలా ఉండి వెళ్ళారు. మధ్యాహ్నం గాలికి అదే నిప్పు మళ్ళీ లేచిందని తర్వాత విచారణలో తేలింది. 102 మంది చనిపోయారు. కొందరు ప్రాణం కాపాడుకోవడానికి సముద్రంలోకి దూకారు.

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్‌లో మొదలైన మంటలకు తోడైంది కూడా ఇలాంటి గాలే. దాన్ని అక్కడ శాంటా ఆనా అంటారు. ఎడారి నుంచి వచ్చి, కొండలు దాటి, సముద్రం వైపు దిగుతుంది. 16 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మన నేల, మన ఇళ్ళు వేరు, అంత పెద్ద మంట ఇక్కడ వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. లహైనా నుంచి తీసుకోవాల్సింది ఒక్కటే: ఆరిపోయిందనుకున్న నిప్పును నమ్మొద్దు.

బక్రీద్, దావత్‌ల సంగతి

2024లో బక్రీద్ జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. చంద్రమానం వల్ల ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. 2026 నుంచి 2028 దాకా పండగ మే నెలలోనే పడుతుంది, అంటే సరిగ్గా పడమర గాలి రోజుల్లో. వేసవి పెళ్ళిళ్ళు, వలీమాలు కూడా అప్పుడే. ఆరుబయట కట్టెల పొయ్యిలు, పక్కనే షామియానా, దమ్ కోసం దేగ్ మూత మీద నిప్పులు, వీధిలో తలకాయ, కాళ్ళు కాల్చడం, ఇవన్నీ గాలి లేని రోజు చేసే పనులు.

మానేయమని కాదు, వేళ మార్చుకోమని. కాల్చే పని, పెద్ద పొయ్యి పని ఫజర్ తర్వాత మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించండి. షామియానాకు పడమర వైపు పొయ్యి పెట్టొద్దు, ఎందుకంటే రవ్వలు తూర్పుకే ఎగురుతాయి. పొయ్యి దగ్గర రెండు డ్రమ్ముల నీళ్ళు, ఒక మనిషి ఉండాలి. మిగిలిన నిప్పులను కుప్పగా వదలకుండా నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. బూడిద కింద నిప్పు మర్నాటి దాకా బతికే ఉంటుంది. ఏఎస్ పేట, కసుమూరు దర్గాలకు వెళ్ళి చెట్ల కింద వండుకునేవాళ్ళు కూడా ఇదే పద్ధతి పాటించాలి.

గాలి రోజుల్లో పాటించాల్సినవి

* విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలి హెచ్చరికలు ఇస్తుంది. మీ మండలం పేరు ఉన్న రోజు ఆరుబయట నిప్పు పెట్టొద్దు. చేలో గడ్డి, చెత్త తగలబెట్టొద్దు.
* గడ్డివామును ఇంటికి, కరెంటు తీగలకు దూరంగా వేయండి. పాక చుట్టూ ఎండాకు ఊడ్చేయండి.
* వంట చేసేటప్పుడు నైలాన్ దుపట్టా, వదులు బుర్ఖా కాకుండా నూలు బట్టలు వేసుకోండి.
* మంట లేస్తే ముందు మనుషులు బయటికి రావాలి. వీలైతేనే గ్యాస్ రెగ్యులేటర్ ఆపండి. 101 లేదా 112కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న మసీదు, బడి, చెరువు లాంటి గుర్తు చెప్పండి.
* గాలి వెళ్ళే వైపు పరిగెత్తొద్దు, మంట మీకంటే వేగంగా వస్తుంది. గాలికి అడ్డంగా పక్కకు వెళ్ళి దున్నిన చేను, తడి పొలం, ఇసుక దిబ్బ చేరండి.
* ఒంటి మీద బట్ట అంటుకుంటే పరిగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలినచోట 20 నిమిషాలు మామూలు నీళ్ళ ధార పోయండి. పేస్టు, ఇంకు, నూనె రాయొద్దు. 108ని పిలవండి.
* పక్క వీధివాళ్ళకు తెలిసేలా మసీదు మైకులో చెప్పించండి. గాలి రోజు ఆ రెండు నిమిషాలే కొన్ని ఇళ్ళను కాపాడతాయి.

కాగితాలు, డబ్బు

నేను చదివింది కామర్స్ కాబట్టి ఈ లెక్క కూడా చెప్పాలి. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం, మైదానంలో ఇల్లు పూర్తిగా పోతే రూ.1,20,000. గుడిసె అయితే రూ.8,000. బట్టలకు రూ.2,500, గిన్నెలకు రూ.2,500. ఎనిమిది వేలతో పాక మళ్ళీ లేవదు. ఇవి కూడా రావాలంటే అగ్నిమాపక శాఖ రిపోర్టు, రెవెన్యూ వాళ్ళ పంచనామా ఉండాలి. కాలిన చోటును శుభ్రం చేయకముందే ఫోటోలు తీయండి, తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంటికి బీమా చేయించుకునేవాళ్ళ కోసం 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీల్లో భారత్ గృహ రక్ష అనే ఒకే రకం పాలసీ ఉంది. మామూలు అగ్నిప్రమాదంతో పాటు అడవి మంట కూడా అందులో ఉంటుంది.

ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం, నిఖానామా, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ పాస్‌పోర్టు నకళ్ళు, పిల్లల మార్కుల షీట్లు ఒకే సంచిలో, తలుపు దగ్గర పెట్టండి. ఫోటో తీసి ఇంకో ఊళ్ళో ఉన్న బంధువుకు పంపండి. ఆధార్, పదో తరగతి మార్కులు డిజిలాకర్‌లో దాచుకోవచ్చు.

పడమర గాలిని ఎవరూ ఆపలేరు. అది లేచే నెలలు మనకు తెలుసు, లేచే వేళ కూడా తెలుసు. ఆ వేళకు మన పొయ్యి ఆరి ఉందో లేదో చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. బూడిద మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో చెంబు నీళ్ళు పోయండి.