కత్తి ఒకరిది, కప్పం ఒకరిది

సమురాయ్‌లు కత్తి కట్టుకుని వీధిలో తిరగకూడదని జపాన్ ప్రభుత్వం 1876లో నిషేధించింది. తరతరాలుగా వస్తున్న భృతినీ ఆ ఏడాదే ఆపేసి, బదులుగా బాండ్లు చేతిలో పెట్టింది. మరుసటి ఏడాది సైగో తకమోరి వెంట సత్సుమా సమురాయ్‌లు తిరగబడ్డారు, ఓడారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1879 మార్చిలో, మన రంప కొండల్లో పితూరీ లేచింది. జూలైకల్లా అది భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది.

2024లో ‘షోగన్’ సీరియల్ వచ్చాక ఖమ్మం, కొత్తగూడెం కుర్రాళ్లు కూడా సమురాయ్ నవలలు ఏవి బాగుంటాయని అడుగుతున్నారు. సంతోషమే. రేకపల్లి కథ తెలిసినవాడు ఆ నవలల్ని ఎంచుకునే తీరు వేరుగా ఉంటుంది.

రంపలో మన్సబుదారు కింద ముఠాదార్లు ఉండేవారు. వంశపారంపర్యంగా కొన్ని ఊళ్లు వాళ్లవి. పైవాడికి కప్పం కట్టాలి, కిందవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. మన్సబుదారు చెట్టు కల్లు మీద ‘చిగురుపన్ను’ వేశాడు. పైనుంచి సర్కారు కొత్త అబ్కారీ చట్టం తెచ్చింది. ఇంటి కల్లు ఇంట్లో తాగడానికే దిక్కులేకపోయింది. రేకపల్లి సంగతి ఇంకో రకం. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చి, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు కింద చేరింది. చేరగానే పోడు మీద పన్ను పెరిగింది. కొన్ని అడవుల్లో పోడే కూడదన్నారు. అందుకే అంబుల్‌రెడ్డి అనే నాయకుడు కదలగానే గూడేలు కదిలాయి. మల్కనగిరి వైపు తమ్మనదొర లేచాడు. అణచడానికి సర్కారు ఆరు మద్రాసు పదాతి దళాలను దించింది. చివరికి మన్సబు రద్దయింది. (ఆ రేకపల్లి ఇప్పుడు ఆంధ్రలో, వి.ఆర్.పురం మండలంలో ఉంది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. హద్దులు మారడం ఈ నేలకు అలవాటే.)

ముఠాదారును సమురాయ్ అనడం లేదు. కానీ పైనొక దొర, కింద పంట పండించే జనం, నడుమ ఆయుధం పట్టినవాడు అనే వరస రెండు చోట్లా ఒకటే. సమురాయ్ భృతిని బియ్యంలో కొలిచేవారు. ఆ బియ్యం పండించింది రైతు. నవల చేతికి తీసుకున్నప్పుడు ఆ రైతు ఎక్కడైనా కనిపిస్తున్నాడా అని చూడండి.

యోషికావా ఐజి ‘ముసాషి’లో ఆ రైతు తక్కువ కనిపిస్తాడు. 1935 నుంచి 1939 దాకా అసాహి పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల ఇది. ఇంగ్లీషులో దాదాపు వెయ్యి పేజీలు. సెకిగహరా యుద్ధంలో ఓడి శవాల మధ్య పడున్న కుర్రాడు కత్తివిద్యలో ఎలా ఎదిగాడన్నది కథ. చదివించే గుణంలో దీనికి సాటి లేదు. కానీ జపాన్ చైనా మీద పడిన కాలంలో జనం ఇష్టంగా చదివిన వీరగాథ ఇది. ఆ ఎరుకతోనే చదవాలి. క్లావెల్ ‘షోగన్’ (1975) ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇంగ్లీషు నావికుడి కళ్లతో సాగుతుంది. జపాన్ సైన్యానికి ఖైదీగా చిక్కిన క్లావెల్ ఆ దేశం మీద అంత మోజుతో రాయడం వింతే. కాలక్షేపానికి ఢోకా లేదు, చరిత్రకు మాత్రం దాన్ని నమ్ముకోకండి.

నా ఓటు ఎండో షుసాకు ‘ది సమురాయ్’కి (1980). 1613లో హసెకురా త్సునెనాగా అనే చిన్న సమురాయ్‌ని అతని ప్రభువు మెక్సికో మీదుగా స్పెయిన్‌కూ రోముకూ పంపాడు. తిరిగొచ్చేసరికి దేశంలో క్రైస్తవం నిషిద్ధం. నవలలో అతను చిత్తడినేలలో రైతులతో పాటు బురద తొక్కేవాడు. పెద్దల ఎత్తుగడలో పావు అయ్యాడు. ముఠాదార్ల గోడు తెలిసిన మనకి ఆ మనిషి పరాయివాడు కాడు.

ఇక మన వీరుల సంగతి. గోండు వీరుడికి అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటానికి దాశరథి రంగాచార్య ‘మోదుగుపూలు’ ఉంది. ఆయన పోరాటంలో ఉన్న మనిషి. 1948 పోలీసు చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి తప్పుకుంటే, కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో కుక్కారు. పోరాటపు కప్పం అక్కడా గూడెమే కట్టింది.

కోయల వీరగాథ అసలు చోటు మాత్రం డోలి అనే కథాగానం. ఒక్కో గట్టుకు (గోత్రానికి) ఒక్కో వేల్పు. పడిగె (బొమ్మల గుడ్డ) విప్పి, డోలు కొట్టి, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథ రాత్రంతా చెబుతారు. కాకతీయులు కప్పం అడిగారన్న దగ్గరే అందులో యుద్ధం మొదలవుతుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు.

ఒక్క పుస్తకానికే తీరికుంటే ఎండోని చదవండి. రెండోది ‘మోదుగుపూలు’. ‘ముసాషి’ని వేసవి సెలవులకు దాచుకోండి. ఈలోగా మీ దగ్గర్లో ఎక్కడైనా కొలుపు జరుగుతుందని తెలిస్తే, పుస్తకం పక్కన పెట్టి వెళ్లి డోలి వినండి.