బెల్టు వదిలేసిన మెడ

బెల్టు విషయంలో ఔత్సాహిక రేసర్లు ఫార్ములా వన్ కంటే చాలా ముందున్నారు. అమెరికాలో వాళ్ల సంఘమైన ఎస్‌సీసీఏ నడుము బెల్టును 1954లోనే తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్‌లో బెల్టు నియమం 1972 దాకా రాలేదు. అప్పటి పెద్ద డ్రైవర్లు బెల్టు వద్దనడానికి కారణం మొండితనం కాదు, మంటల భయం. ట్యాంకు పగిలి కారు అంటుకుంటే కట్టేసినట్టు కూర్చుని కాలిపోవడం కన్నా ఎగిరి బయటపడటమే నయమని నమ్మేవారు. 1970లో మోంజాలో యోకెన్ రిండ్ట్ కాళ్ల మధ్య పట్టీ పెట్టుకోకపోవడానికీ త్వరగా దిగిపోవాలన్న ఆలోచనే కారణం. కారు గుద్దుకోగానే ఆయన శరీరం బెల్టుల కిందికి జారింది, గొంతుకు తగిలిన గాయం ప్రాణం తీసింది. అలాంటి రోజుల్లో కూడా బెల్టును ముందే ఒప్పుకున్న ఎస్‌సీసీఏ, మెడ రక్షణను తప్పనిసరి చేసింది 2012లో. మెడను కాపాడే పరికరం అప్పటికే పాతికేళ్లుగా ఉంది. కంటికి కనిపించే ప్రమాదానికి నియమం త్వరగా వస్తుంది, కనిపించనిదానికి ప్రాణాలు పోయాకే వస్తుంది. ఈ ఆలస్యానికి నాకు తోచే కారణం ఇదే.

బెల్టు మొండేన్ని పట్టుకుంటుంది, తలను పట్టుకోదు. తల, హెల్మెట్టు కలిపి సుమారు 6 కిలోలు. కారు ఠక్కున ఆగినప్పుడు గురుత్వానికి 50 రెట్ల బలం పడితే ఆ 6 కిలోలు 300 కిలోల బరువై మెడను ముందుకు లాగుతాయి. అప్పుడు విరిగేది ఎక్కువగా పుర్రె అడుగుభాగం. ఒంటిమీద గీత కూడా పడకుండా మనిషి పోవచ్చు. 1981లో మిడ్-ఒహాయో ట్రాక్ మీద డ్రైవర్ ప్యాట్రిక్ జాక్‌మార్ అలాగే మరణించారు. ఆయన స్నేహితుడు, రేసర్ జిమ్ డౌనింగ్ ఈ సంగతిని తన బావమరిది రాబర్ట్ హబ్బర్డ్ ముందు పెట్టారు. హబ్బర్డ్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్. ఆయన తయారుచేసిందే హాన్స్. భుజాల మీద కూర్చునే గట్టి కాలరు, దానికి వెనక చిన్న గోడలాంటి భాగం, అక్కడి నుంచి హెల్మెట్టుకు రెండు పక్కలా బిగించే పట్టీలు. భుజం బెల్టులు కాలరు మీదుగా వచ్చి దాన్ని ఒంటికి అదిమి పెడతాయి. తల ముందుకు ఊగితే పట్టీలు ఆపుతాయి, మెడ మీద పడాల్సిన బరువు భుజాలకు చేరుతుంది. 1980ల మధ్యకల్లా నమూనా సిద్ధమైంది, డౌనింగే మొదట వాడారు.

పెద్ద కంపెనీలు దాన్ని తయారుచేయడానికి ముందుకు రాలేదు. చివరికి బావాబావమరుదులే సొంతంగా కంపెనీ పెట్టారు. అయినా ఏళ్ల తరబడి అమ్మకాలు అంతంతమాత్రమే. 1994లో ఇమోలాలో ఫార్ములా వన్ డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ ఇదే గాయంతో పోయారు. అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్‌లో 2000 సంవత్సరంలోనే ఆడమ్ పెటీ, కెనీ ఎర్విన్, టోనీ రోపర్ పోయారు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించాక కూడా మొదటి చర్చంతా ఆయన నడుము బెల్టు తెగిందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది. తెగిన బెల్టు చేతికి దొరికే సాక్ష్యం మరి. స్వతంత్ర నిపుణుడు బారీ మయర్స్ మాత్రం తల విసురుగా ముందుకు ఊగడమే కారణమని తేల్చారు. ఆ అక్టోబరులో మరో రేసులో బ్లెయిజ్ అలెగ్జాండర్ కూడా పోయాకే నాస్కార్ మెడ రక్షణను తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్ 2003లో చేసింది.

మా వేగాలు అంత ఉండవు కదా అని ఔత్సాహికులు అంటారు. పుర్రె అడుగును విరిచేది వేగం ఒక్కటే కాదు, ఆ వేగం ఎంత తక్కువ దూరంలో సున్నా అయిందన్నది కూడా. జాక్‌మార్ నడిపింది చిన్న రెనో 5 టర్బో. అది రేసు కూడా కాదు, టెస్టింగ్. గుద్దుకున్నది ఇసుక కట్టను. మంటలు చెలరేగితే హాన్స్ వల్ల కారు దిగడం ఆలస్యమవుతుందన్న అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. రిండ్ట్ భయం నిజమైన భయమే. అయితే హాన్స్ సీటుకు కట్టి ఉండదు, బెల్టు బకిల్ విప్పితే మనిషితో పాటే బయటికొస్తుంది. హెల్మెట్టు, కాలరు పెట్టుకునే దిగడం ముందే సాధన చేస్తే ఆ భయానికి చాలావరకు జవాబు దొరుకుతుంది. ఖరీదు మాట కూడా ఒకప్పటిది, ఇప్పుడు కొన్ని వందల డాలర్లకు వస్తోంది.

నా ఆందోళన ఖరీదు గురించి కాదు, కాలరు కొన్నాం కదా అని బెల్టును మరిచిపోవడం గురించి. హాన్స్ పనంతా భుజం బెల్టుల మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్క భుజం మీదుగా వచ్చే మామూలు కారు బెల్టుతో అది నిలవదు. భుజం బెల్టులు వెనక్కి దాదాపు సమతలంగానో, 20 డిగ్రీలకు మించని వాలుతోనో వెళ్లాలి. నేలకు బిగిస్తే గుద్దుకున్నప్పుడు అవి వెన్నెముకను కిందికి నొక్కేస్తాయి. బెల్టు నేత ఎండకు, వాడకానికి బలం కోల్పోతుంది, అందుకే అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ గుర్తింపు ఉన్న బెల్టు మీద గడువు సంవత్సరం కుట్టి ఉంటుంది. ఏడాదికి రెండు మూడు రేసుల్లోనే పాల్గొనేవాళ్లకు ఆ బెల్టు కొత్తదానిలాగే కనిపిస్తుంది. మార్చాల్సింది మాత్రం లేబుల్ మీది సంవత్సరం చూసి.