వెనిస్ కాలువలనుండి మూసీ తీరమునకు: 1931 నాటి ఒక సముద్రయాత్ర

మన భాగ్యనగరమునకు నది కలదు గాని సముద్రము లేదు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ పాతనగరము నొరసికొని ప్రవహించి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. ఆ కృష్ణ హంసలదీవి యొద్ద సాగరమును చేరును. అయితే మూసీ ఓడలు నడచు నది కాదు. కుతుబ్‌షాహీల కాలమున ఓడ నెక్కగోరిన నగరవాసులు నేలదారిని మచిలీపట్టణము చేరవలసియుండెను. 1874లో నిజాము రైలుమార్గము వాడి వరకు ఏర్పడి బొంబాయి మార్గముతో కలిసిన పిమ్మట, బొంబాయియే నగరమునకు సముద్రద్వార మయ్యెను. ఆ ద్వారమున మన నగరమునకు వచ్చిన రెండు నవదంపతుల జంటల ప్రయాణ మిచ్చట చెప్పదలచినది.

1924 మార్చిలో తురుష్క దేశపు నూతన ప్రభుత్వము ఖలీఫా పదవిని రద్దు చేసెను. కడపటి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీదు కుటుంబముతో దేశము విడువవలసివచ్చెను. అప్పటికి ఆయన కుమార్తె దుర్రుషెహ్వారునకు పదేండ్లు. ఇస్తాంబూలు జలసంధి యొడ్డున పుట్టిన ఆ బాలిక మొదట స్విట్జర్లాండులోను, తరువాత ఫ్రాన్సు దక్షిణతీరమునగల నీస్ పట్టణమునను పెరిగెను. నిరాశ్రయుడైన ఖలీఫాకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను నెలకు మూడువందల పౌనుల భరణ మేర్పరచెను. ఆ పరిచయమే వియ్యమునకు దారితీసెను. మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిత్వము నెరపెను.

1931 నవంబరు 12న నీస్‌లో వివాహములు జరిగెను. నిజాము పెద్దకుమారుడు ఆజంజా దుర్రుషెహ్వారును, రెండవ కుమారుడు మొజంజా అదే వంశమునకు చెందిన నీలోఫరును పెండ్లాడిరి. నీలోఫరునకు అప్పటికి పదునారేండ్లు నిండలేదు. తండ్రి లేని బిడ్డ. తల్లి చాటున పరదేశమున పెరిగినది.

నెల దినములకు, డిసెంబరు 12న, ఈ రెండు జంటలును వెనిస్ నగరమున 'పిల్స్నా' అను ఇటలీ దేశపు ఆవిరియోడ నెక్కిరి. వెనిస్‌లో వీథులే కాలువలు. ఆ కాలువలు పల్లపునీటి కయ్యలోను, ఆ కయ్య ఏడ్రియాటిక్ సముద్రములోను కలియును. ఓడ మొదట తీరము వెంబడి దక్షిణముగా సాగి బ్రిండిసి రేవు చేరెను. అచ్చట డిసెంబరు 14న మఱియొక ప్రయాణికు డెక్కెను. ఆయన, లండనులో రెండవ రౌండుటేబులు సమావేశమునుండి వట్టి చేతులతో మరలుచున్న మహాత్మాగాంధి.

రాజాధిరాజుల కోడండ్రును, కొల్లాయి గట్టిన ఆ మహాపురుషుడును పదునాలుగు దినములు ఒకే ఓడలో ప్రయాణించిరి. రాకుమార్తెలు ఆయనను దర్శించిరని చెప్పుదురు. చీర కట్టుకొనుటయు, నిజాము సముఖమున మెలగవలసిన మర్యాదలును వారికి ఈ ఓడమీదనే నేర్పబడినవట. మన పల్లెలలో ఆడపిల్లకు అత్తవారింటి పద్ధతులు పుట్టినింట నేర్పుదురు. పుట్టిన దేశమే లేకపోయిన ఈ పిల్లలకు ఆ నేర్పు నడిసముద్రమున జరిగినది.

మధ్యధరా సముద్రము దాటిన పిదప, 1869లో తెరువబడిన సూయెజ్ కాలువ వచ్చును. సుమారు నూరుమైళ్ళ ఇసుకనేలను చీల్చిన ఆ కాలువలో ఓడ మెల్లగా నడువవలెను. తరువాత ఎఱ్ఱసముద్రము, అది దాటినంతనే కనుచూపు మేర గట్టులేని మహాసాగరము. పూర్వము తెరచాప ఓడలకు ఈ కాలమున ఇటు ప్రయాణము పొసగదు. శీతకాలమున ఈశాన్యపుగాలి మన దేశమునుండి అరబ్బు తీరము వైపు వీచును. అందుచేత గోలకొండవారి ఓడలు ఆ గాలితో పోయి, నైరుతి గాలితో మరలి వచ్చెడివి. ఆవిరియంత్రము వచ్చినమీదట ఎదురుగాలి అడ్డము కాలేదు. డిసెంబరు 28న పిల్స్నా బొంబాయి రేవు చేరెను.

అచ్చటినుండి దారులు వేరయ్యెను. నవదంపతులు నిజాము ప్రత్యేకపు రైలులో హైదరాబాదు చేరిరి. 1932 జనవరి 4న పాతనగరమున చార్మినారునకు చేరువనున్న చౌమహల్లా ప్రాసాదమున గొప్ప విందు జరిగెను. అది నీలోఫరు పదునారవ జన్మదినము గూడ. ఆ దినముననే తెల్లవారుజామున బొంబాయిలో గాంధీజీని నిర్బంధించి యెఱవాడ చెఱసాలకు గొనిపోయిరి. వారమునకు పూర్వము ఒకే ఓడనుండి దిగినవారిలో ఒకరికి విందు, ఒకరికి చెఱ! దేశ మెట్టి సంధికాలమున నుండెనో చెప్పుటకు ఈ ఒక్క తేదీ చాలును.

ఈ వివాహముల వెనుక రాజవంశములకు ఏ యాశలున్నను అవి నిలువలేదు. 1948లో నిజాము రాజ్యము భారతదేశమున విలీనమయ్యెను. ఇరువురి దాంపత్యములును చివరివఱకు నిలువలేదు. 1934లో ఓరుగల్లున నెలకొల్పిన ఆజంజాహి మిల్లు నేడు లేదు. మొజంజాహి మార్కెట్టు మాత్రము నిలిచియున్నది. అయినను, ఓడ దిగి వచ్చిన ఆ ఇద్దరు వధువులు నగరమునకు మిగిల్చినది వేరొకటి కలదు.

తన పరిచారిక ప్రసవవేళ సరియైన వైద్యము లేక మరణించుట నీలోఫరును కలచివేసెను. బిడ్డలు లేని ఆమె పేరనే తల్లుల కొఱకు, బిడ్డల కొఱకు 1953లో ఆసుపత్రి వెలసెను. పాతనగరమున పురానీ హవేలీలో శిశువుల ఆసుపత్రి దుర్రుషెహ్వారు పేరు వహించినది. నీలోఫరు 1989లో పారిస్‌లోను, దుర్రుషెహ్వారు 2006లో లండనులోను కన్నుమూసిరి. ఇరువురికిని చివరి నిదుర పరదేశముననే ప్రాప్తించెను. కాని మన పల్లెలనుండి జబ్బుపడిన పసిబిడ్డను చంకనిడుకొని నగరమునకు పరుగెత్తు తల్లి నోట మొదట వచ్చునది నీలోఫరు పేరే. ఆ పేరు గలవా రెవరో, ఎక్కడివారో ఆమె యెఱుగదు.

పాఠక మహాశయులారా! చరిత్ర యనగా యుద్ధములును, సింహాసనములును మాత్రమే కాదు. ఇల్లు కోల్పోయిన ఇద్దరు బాలికలు ఇన్ని జలములు దాటి వచ్చి, పరాయి బిడ్డల ప్రాణరక్షణకు తమ పేళ్ళు విడిచిపోవుటయు చరిత్రయే. ఈ మాఱు ఆ ఆసుపత్రుల గుమ్మము త్రొక్కినప్పుడు, పైనున్న పేరు నొకసారి తలయెత్తి చదువుదుము గాక.