దుల్సె డిజిటల్

దుల్సె డిజిటల్ అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో టైప్ 2 మధుమేహం ఉన్న నిరుపేద హిస్పానిక్ ప్రజల కోసం రూపొందిన మొబైల్ ఆరోగ్య కార్యక్రమం. శాన్ డియేగోలోని స్క్రిప్స్ విట్టియర్ మధుమేహ సంస్థ దీన్ని చేపట్టింది. ఖరీదైన ఫోను, యాప్ అక్కర్లేకుండా ఎస్సెమ్మెస్‌లతోనే నడవడం దీని ప్రత్యేకత.

నేపథ్యం

బ్రాంక్స్, షికాగో, మయామి, శాన్ డియేగోలలో 16,000 మందికి పైగా హిస్పానిక్ పెద్దలపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. వారిలో 16.9 శాతం మందికి మధుమేహం ఉంది. మెక్సికో మూలాలవారిలో అది 18.3 శాతం. వ్యాధి ఉన్నవారిలో 58.7 శాతం మందికే ఆ సంగతి తెలుసు. ఆరోగ్య బీమా ఉన్నది 52.4 శాతం మందికే. షుగర్ అదుపులో ఉండాలంటే తిండి, మందులు, రక్త పరీక్షల విషయంలో రోగి రోజూ తానే నిర్ణయాలు తీసుకోవాలి. బీమా లేక, ఇంగ్లిష్ రాక, పని మానుకుని ఆసుపత్రికి వెళ్లే వీలులేక బతికేవారికి ఈ నిర్ణయాల్లో తోడు దొరకడం కష్టం.

పనితీరు

రోగులకు ఆరు నెలల పాటు వారి సొంత భాషలో సందేశాలు వెళ్లాయి. తొలి రోజుల్లో రోజుకు రెండు మూడు వచ్చేవి, పోనుపోను తగ్గాయి. కొన్ని తిండి, వ్యాయామం గురించి చెప్పి ధైర్యమిచ్చేవి. కొన్ని మందుల వేళను గుర్తుచేసేవి. మరికొన్ని షుగర్ చూసుకుని ఆ అంకెను తిరిగి పంపమనేవి. రోగి గ్లూకోమీటర్‌లో కనిపించిన అంకెను టైపు చేసి పంపేవాడు. అది ప్రమాదకరంగా ఎక్కువగానో తక్కువగానో ఉంటే కార్యక్రమ సిబ్బంది ఫోన్ చేసి కారణం కనుక్కునేవారు.

ఫలితాలు

2012 అక్టోబరు నుంచి 2014 ఆగస్టు వరకు శాన్ డియేగో, రివర్‌సైడ్ కౌంటీల వైద్య కేంద్రాల నుంచి 126 మందిని ఎంపిక చేసి రెండు బృందాలుగా విభజించారు. వారిలో 91 శాతం మంది మెక్సికోలో పుట్టినవారు, 75 శాతం మందికి బీమా లేదు. మూడు నెలల సగటు చక్కెర స్థాయిని తెలిపే హెచ్‌బీఏ1సీ, సందేశాలు అందుకున్న బృందంలో ఆరు నెలలకు 9.5 నుంచి 8.5 శాతానికి దిగింది. మామూలు చికిత్సే పొందినవారిలో 9.6 నుంచి 9.4కి మాత్రమే తగ్గింది. షుగర్ అంకెలను ఎక్కువసార్లు తిరిగి పంపినవారికి మేలు ఎక్కువగా జరిగింది. ఈ ఫలితాలు 2017లో 'డయాబిటిస్ కేర్' పత్రికలో వచ్చాయి.

ఇతర ప్రయత్నాలు

లాస్ ఏంజలెస్‌లో ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 128 మంది మధుమేహ రోగులపై టెక్స్ట్-మెడ్ అనే ఎస్సెమ్మెస్ ప్రయోగం జరిగింది. 2014 నాటి ఈ ఫలితాల్లో హెచ్‌బీఏ1సీ తేడా గణాంకపరంగా నిలబడలేదు. మందులు క్రమంగా వేసుకోవడం మాత్రం మెరుగుపడింది; స్పానిష్ మాట్లాడేవారిలో ప్రయోజనం ఎక్కువగా కనిపించింది.

ప్రాముఖ్యం

ఈ పద్ధతి వైద్యుడికి ప్రత్యామ్నాయం కాదు. మందులు, పరీక్ష స్ట్రిప్పులు అందుబాటులో లేకపోతే సందేశం ఒక్కటే ఏమీ చేయలేదు. ఆరు నెలల తర్వాత మేలు నిలుస్తుందా అన్నదానికి ఈ ప్రయోగంలో జవాబు లేదు. అయినా రోగి సొంత భాషలో పలకరింపు, అతడు పంపే అంకెలను గమనించే మనిషి ఉంటే పేదరికంలోనూ షుగర్‌ను తగ్గించవచ్చని దుల్సె డిజిటల్ చూపింది. ఇలాంటి కార్యక్రమాలను చేపట్టేవారు సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆ మనిషి జీతానికీ డబ్బు కేటాయించడం తప్పనిసరి.